మిర్చి ఘాటు పోని బ్యాగు

అటక మీది నుంచి బ్యాగు దించి మూతి విప్పానో లేదో, వరసగా తుమ్ములు మొదలయ్యాయి. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన కూడా ఒక తుమ్ము తుమ్మి, "సార్ వచ్చిండా?" అని కేకేశాడు. మా ఇంట్లో ఇది పాత వేళాకోళం. ఈ బ్యాగును ఎన్నిసార్లు ఉతికానో, ఎన్ని ఎండలకు ఆరేశానో నాకే గుర్తు లేదు. కుంకుడు రసంలో నానబెట్టాను, సబ్బు నీళ్లలో ముంచాను, ఎవరో చెప్పారని నిమ్మచెక్కలు కూడా రుద్దాను. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది, జిప్పులు మారాయి. ఘాటు మాత్రం భుజం పట్టీల లోపలి స్పాంజిలో కాపురం పెట్టుకుని కూర్చుంది. రేపు ధర్మసాగర్ అవతలి గుట్టలకు పోవాలి కాబట్టి దించాను. కళ్లు తుడుచుకుంటూ, ఇవి మిర్చి వల్ల వచ్చిన నీళ్లేనని మొదట అనుకున్నాను. కాసేపటికి అంత గట్టిగా చెప్పలేకపోయాను.

సాంబయ్య సార్ హన్మకొండలో మా వీధి చివరి ఇంట్లో ఉండేవారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. వాళ్లది మిర్చి వ్యాపారం చేసే కుటుంబం. వరంగల్‌లో వాళ్ల అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన బస్తాలు అక్కడ దించితే, వీళ్లు బేరం కుదిర్చి కమీషన్ తీసుకునేవాళ్లు. తండ్రి పోయాక తమ్ముడు రమేశం గల్లాపెట్టె ముందు కూర్చుంటే, అన్న మెడలో ఈల వేసుకుని బడి గ్రౌండుకు పోయాడు. రిటైరైన తర్వాత ఆయనకు విల్లు మీద మనసు పడింది. ఆ వయసులో కొత్త పిచ్చి ఏమిటని బంధువులు గునిసినా, పొద్దున్నే వీధి వెనక ఖాళీ జాగాలో గడ్డిచుట్ట నిలబెట్టి బాణాలు వేసేవారు. చూడటానికి పోయినవాళ్లందరి చేతిలో విల్లు పెట్టేవారు. బ్యాంకు ఉద్యోగి, ఒక టైలరు, నాలాంటి ట్యూషన్లు చెప్పే ఆడవాళ్లు, అట్లా ఒక చిన్న గుంపు తయారైంది. మా అత్తగారు మొదట్లో గుంపుకంతా కలిపి ఒక పేరు పెట్టింది, దాన్ని ఇక్కడ రాయడం మర్యాద కాదు.

చలికాలం రాగానే సార్ మమ్మల్ని "వేట"కు తీసుకుపోయేవారు. వేట అంటే గాబరా పడకండి. గడ్డితో పేనిన జింకలు, అడవి పందులు ముందు రోజే గుట్ట మీద అక్కడక్కడ పెట్టి వచ్చేవారు. రాళ్ల వెంట, తుప్పల మధ్య నడుస్తూ అవి కనబడ్డ చోటల్లా ఆగి బాణం వేయాలి. ప్రాణమున్న దాని వైపు విల్లు తిప్పితే ఆయన మళ్లీ ముఖం చూడరు. ఒకసారి మా గడ్డి జింక పక్కనే నిజం నెమలి వచ్చి నిలబడింది. సార్ చెయ్యెత్తగానే అందరం ఎక్కడివాళ్లం అక్కడే కూలబడ్డాం. అంతలో టైలరు దాహమై తన బ్యాగు మూత లాగాడు. అంటుకునే పట్టీ చర్రుమంది. నెమలి ఎగిరిపోయింది. సార్ తిట్టలేదు కానీ కిందికి దిగేదాకా ఆ బ్యాగు వైపు కోపంగా చూస్తూనే ఉన్నారు.

ఆయనకు విల్లు కన్నా బ్యాగుల మీద పట్టింపు ఎక్కువ. విల్లు ఏదైనా సరే, నేర్చుకుంటే చేతికి లొంగుతుందనేవారు. బ్యాగు అట్లా కాదు, అది మనిషిని బట్టి ఉండాలి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఎవరి బ్యాగు వాళ్లే మొయ్యాలి. మొయ్యలేనివాళ్లు గుట్ట ఎక్కొద్దు. ఇదేం పట్టుదల సార్ అని నేను ఒకసారి అడిగితే, "నీ నీళ్లు ఇంకొకల దగ్గరుంటే నీ కన్ను గురి మీద ఉండదు బిడ్డా, వాళ్ల మీదుంటది. ఎటు వోయిండ్రో, ఎప్పుడొస్తరో అని చూసుకుంట కూసుంటవు," అన్నారు. అప్పుడు నాకది ముసలాయన చాదస్తం లాగే అనిపించింది.

ఆ మరుసటి ఏడు వర్ధన్నపేట రోడ్డు మీద స్కూటరు జారి పడ్డాను. కుడివైపు కాలర్ బోన్ విరిగింది. దవాఖానలో కట్టు విప్పినా చెయ్యి చెవి దాకా లేచేది కాదు. లేచేసరికి నెలలు పట్టింది. డాక్టరు మెల్లగా విల్లు పట్టుకోవచ్చు కానీ భుజం మీద బరువు మాత్రం పెట్టొద్దన్నాడు. లోపల కుప్పకూలిపోయాను. ఇంటి పని, పిల్లల ట్యూషన్లు, అందరి వేళలు చూసుకోవడం తప్ప నాదంటూ ఏడాదికి మిగిలేవి ఆ గుట్టల మీది రోజులే. ఆ ఒక్కటీ పోతే తిరిగి రాదని భయం. సార్ ఇంటికి పోయి, ఇక నన్ను వేట లెక్కలోంచి తీసెయ్యమని చెప్పాను.

ఆయన పల్లీలు ఒలుచుకుంటూ విన్నారు. "డాక్టర్ ఏమన్నడు? బుజం మీద మొయ్యొద్దన్నడా, నడుం మీద మొయ్యొద్దన్నడా?"

"భుజం మీదే సార్. కానీ బ్యాగు వేసుకునేది భుజానికే కదా."

"ఏసుకునేది బుజానికి. మోసేది నడుం. మంచి బ్యాగైతే గట్లనే ఉంటది. ఇగ, ఎవని బ్యాగు వాడు మొయ్యాలె అన్న గని, అండ్ల ఎంత బరువుండాలెనో నేనెన్నడన్న చెప్పిన్నా? ఫికర్ చెయ్యకు. రేపు బజారుకు పోదాం పా."

వరంగల్ బజారులో బ్యాగుల దుకాణం సేటు మమ్మల్ని చూడగానే నుదురు కొట్టుకున్నాడు. "సారొచ్చిండు, ఇగ నా దుకాణం బందే," అని లోపలికి చెప్పాడు. ఎందుకో కాసేపట్లో అర్థమైంది. సార్ ఖాళీ బ్యాగు వెల కూడా అడగరు. పక్క కిరాణా కొట్టు నుంచి సేటు చేతనే చక్కెర పొట్లాలు, సబ్బుల పెట్టెలు తెప్పించి, ఒక్కో బ్యాగు నింపి నా వీపుకు తగిలించి, బజారు చివరిదాకా నడిచి రమ్మనేవారు. వచ్చాక మెట్లెక్కమనేవారు. కూర్చుని లెమ్మనేవారు. ఆ తర్వాత నడిబజారులో ఉత్త చేతులతో విల్లు లాగినట్టు లాగమనేవారు. గాజులమ్మే ఆమె గంప దించి మరీ చూసింది. ఒక బ్యాగు పట్టీ వింటినారి వచ్చే దారిలో రొమ్ముకు అడ్డం పడింది, తీసెయ్యమన్నారు. ఇంకొకదాని గుడ్డ నడుస్తుంటే గరగరమంది, "గిది ఏసుకుంటె ఊరంతకు ఎరుకైతది" అని పక్కన పెట్టారు. మూడోది మెత్తగా, ముచ్చటగా ఉంది కానీ నడుం పట్టీ ఉత్త తాడు. దాన్ని చూసి సేటును, "గిది నువ్వేసుకో," అన్నారు.

చివరికి దొరికింది ఈ ఆకుపచ్చది. వెడల్పాటి నడుం పట్టీ తుంటి ఎముకల మీద కూర్చుని, బరువంతా అక్కడే దిగింది. భుజం పట్టీ కింద ఆయన వేళ్లు దూర్చి చూసి, "చూడు, ఇక్కడ ఉత్త గాలే," అన్నారు. నేను చెయ్యెత్తి లాగాను. నొప్పి రాలేదు. బజారులో అందరి ముందూ ఏడుపొచ్చేలా ఉండి, సేటుతో బేరం మొదలుపెట్టాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొత్త బ్యాగు కొత్త చెప్పు లాంటిదని, కొన్నాళ్లు నిండుగా ఉంచితే గానీ వీపుకు ఒదగదని సార్ నమ్మకం. రాళ్లు పోస్తే గుడ్డ చిరుగుతుంది. అందుకని నా బ్యాగు తీసుకుపోయి తమ్ముడి దుకాణంలో మూలమూలకీ ఎండుమిర్చి కుక్కి, వేటరోజు దాకా కొక్కానికి వేలాడదీశారు. మిర్చి అయితే మెత్తగా సర్దుకుంటుందట. మరెవరికైనా ఈ ఆలోచన వచ్చి ఉంటే ఇంట్లో ఎవరో ఒకరు వద్దనేవారు. కానీ ఆ ఇంట్లో తరతరాలుగా మిర్చికి తుమ్మినవాళ్లు లేరు. మిర్చికి ఘాటుంటుందన్న సంగతి వాళ్లకు మన ముఖాలు చూస్తే తప్ప గుర్తు రాదు. వేటరోజు పొద్దున సార్ బ్యాగు దులిపి, "మంచిగ కుదిరింది," అని మురిసిపోతూ నా చేతికిచ్చారు. అప్పటికే నాకు పడిశం పట్టి ఉంది. అందుకే ఆ ఘాటు నాకూ తెలియలేదు.

పొద్దున చల్లగా ఉన్నంతసేపు అంతా బాగానే ఉంది. ఎండెక్కి, గుట్ట సగం ఎక్కి, వీపుకు చెమట పట్టేసరికి మెడ చురుక్కుమంది. తుడుచుకున్నాను. అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఇక చూడండి నా తిప్పలు. మొదటి గడ్డి పంది ఎదురుగా ఉంది, నాకు కళ్లు తెరుచుకోవడం లేదు. మెడ, వీపు, ముఖం భగభగ మండుతున్నాయి. నా కన్నీళ్లు చూసి అందరూ చుట్టూ మూగారు. సార్ రొప్పుతూ వచ్చారు. ఆయన గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

"రెక్క నొస్తాందా బిడ్డా? విరిగిన కాడనేనా? తప్పు జేసిన్నా నిన్ను తీస్కొచ్చి?"

"నొప్పి కాదు సార్, మంట! మంట!"

ఆయన నా బ్యాగు విప్పి వాసన చూశారు. ఆయనకేం తెలుస్తుంది! బ్యాంకు ఉద్యోగి చేతికిస్తే అతడు వరసగా తుమ్మాడు. అప్పుడు సార్ ముఖం చూడాల్సింది. తెల్లబోయి, "అరే, మిర్చి," అని మాత్రం అన్నారు. గబగబా తన సద్దిగిన్నె విప్పి, పెరుగన్నంలోని పెరుగు పిండి నా మెడకూ వీపుకూ పూశారు. తన సీసాలో నీళ్లన్నీ నా కళ్లకు పోశారు. మంట తగ్గాక నేను లేచి నిలబడ్డాను. మెడ మీద అన్నం మెతుకులు, ముక్కు పండుమిర్చి రంగు. టైలరు నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకు పోయాడు. ఆ అవతారంలోనే బ్యాగు మళ్లీ తగిలించుకుని విల్లు ఎత్తి లాగి వదిలాను. బాణం గడ్డి పంది చెవిలో దిగింది. చెయ్యి దించుతుంటే అప్పుడు తట్టింది. ఒళ్లంతా ఎక్కడెక్కడ మండాలో అక్కడ మండింది గానీ, భుజం మాత్రం ఒక్కసారి కూడా నొయ్యలేదు. ఆ సంగతి సార్‌కు చెప్పాను. ఆయన రాయి మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నారు. మిర్చికి చలించని కళ్లు ఆయనవి. ఆ రోజు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాత చాలా చలికాలాలు అట్లా తిరిగాం. ఒక వేసవిలో ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. గుట్ట ఎక్కొద్దని డాక్టరు అనలేదు, నెమ్మదిగా నడవమన్నాడు, బరువు మాత్రం ముట్టొద్దన్నాడు. వేట దగ్గర పడుతుంటే వెళ్లి అడిగాను. సార్ తల అడ్డంగా ఊపారు. "నా బ్యాగు నేను మొయ్యలేను. మొయ్యలేనోడు ఎక్కొద్దు. నేను వెట్టిన రూలు నేనే తప్పుతనా? మీరు పోయి రాండ్రి." గోడకు వేలాడుతున్న తన బ్యాగు వైపు చూడకుండా ఉండటానికి ఆయన పడుతున్న పాటు నాకు కనబడుతూనే ఉంది.

మర్నాడు మళ్లీ పోయి, గోడ మీది ఆయన బ్యాగు దించి, అందులో ఒక తువ్వాలు, చిన్న నీళ్ల సీసా పెట్టి ఆయన ముందు పెట్టాను. "ఎవరి బ్యాగు వాళ్లు మొయ్యాలన్నారు గానీ, అందులో ఎంత బరువుండాలో ఎప్పుడైనా చెప్పారా సార్?" అన్నాను. ఆయన బ్యాగును దగ్గరికి లాక్కున్నారు. "నా మాట నాకే తిప్పి కొడ్తానవా," అని నవ్వి, పట్టీలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

వేటరోజు చెట్టు చెట్టుకూ ఆగి ఆగి ఎక్కాం. విల్లు ఆయన పట్టలేదు, మేం వేస్తుంటే చూశారు. పైకి చేరాక అందరం సద్దులు విప్పాం. నా గిన్నె కనబడలేదు. బ్యాగంతా వెతికి, ఇంట్లో మరిచిపోయానని అనుకుంటుండగా సార్ తన బ్యాగులోంచి తువ్వాలు తీశారు. దాని కింద నా సద్దిగిన్నె ఉంది. పొద్దున గుట్ట కింద నేను చెప్పులు మార్చుకుంటున్నప్పుడు నా బ్యాగులోంచి తీసి పెట్టుకున్నారు.

నాకు నిజంగా కోపమొచ్చింది. "బరువు ముట్టొద్దన్నారు కదా సార్! అయినా మీ రూలేమైంది? ఎవరిది వాళ్లే మొయ్యాలి కదా!"

"రూలు నీది నువ్వు మొయ్యనీకి బిడ్డా," అన్నారు మూత తీసి గిన్నె నా ముందు పెడుతూ. "పెద్దోన్ని, నేను జరంత ఎక్కువ మోస్త. తిను, చల్లారిపోతాంది."

మళ్లీ చలికాలం రాకముందే ఆయన పోయారు. ఇప్పుడు గుంపును నేనే తీసుకుపోతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లను బజారుకు తీసుకుపోయి, బ్యాగు నింపి నడిపిస్తాను, నడిబజారులో ఉత్త చేతులతో విల్లు లాగిస్తాను. సేటు నన్ను చూసి నుదురు కొట్టుకుంటాడు. ఎవరి బ్యాగు వాళ్లే మొయ్యాలని గట్టిగా చెబుతాను. మిర్చి మాత్రం కుక్కను.

ఇప్పుడే సర్దడం అయింది. తువ్వాలు, నీళ్లు, నా సద్ది. పైన ఒక గిన్నె పట్టేంత చోటు ఖాళీగా వదిలాను. రేపు గుట్ట కింద అందరూ చెప్పులు మార్చుకుంటున్నప్పుడు, వాళ్లలో ఎవరిదో ఒకరి సద్ది మెల్లగా తీసి అందులో పెట్టుకుంటాను.