తూటాకు బొట్టు

నంద్యాలలో నా దుకాణానికి వచ్చేవి చాలావరకు ఒకే మాదిరి తుపాకులు. ఒంటి గొట్టంవి, జంట గొట్టాలవి, ముందు నుంచి మందు కూరి కొట్టేవి. లైసెన్సు ఉంటేనే ముట్టుకునేవాణ్ణి. వాటి జబ్బులు చెయ్యి పెట్టగానే తెలిసేవి. నాకు చేతగానిదల్లా నోరు కట్టుకోవడమే. తుపాకిని పాడు చేసి తెచ్చినవాణ్ణి, వాడు ఎంతటివాడైనా సరే, నాలుగు మాటలు అనందే పనిలోకి దిగేవాణ్ణి కాదు. 'తుపాకి కన్నా ముందు ఈయప్ప నోరు పేల్తాది' అని బజారులో నవ్వుకునేవాళ్ళు. ఆ మాట నా దాకా వచ్చింది కానీ నా తీరు మారలేదు.

డెబ్బైల చివర్లో ఒక వేసవిలో లివర్ రైఫిల్ ఒకటి వచ్చింది. అటువంటిది మా చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. దాని ట్రిగ్గరు చుట్టూ కడియంలాంటి లివర్ ఉంటుంది. బ్యారెల్ కింద ఇంకో సన్నటి గొట్టం, అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. ముందు నుంచి ఒక స్ప్రింగు వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. లివర్ కిందికి తోస్తే కాలిన డొల్ల బయటపడి కొత్త తూటా పైకి లేస్తుంది. తిరిగి మీదికి లాగితే అది బ్యారెల్లోకి పోతుంది. చెప్పడానికి ఇంతే.

తెచ్చినవాడు ఆళ్లగడ్డ అవతల అడవి అంచున ఉన్న ఊరివాడు, ఇరవై అయిదు దాటిన మనిషి. లైసెన్సు తండ్రిది. ఆయనకు చూపు మందగించడంతో కొడుకు పేరు కూడా అందులో ఎక్కించారు. వీడు కుంటుకుంటూ మెట్లెక్కాడు.

"రెండో తూటా ఎక్కల్యాదన్నా" అన్నాడు. "మొదటిది పేలింది. పంది మీదికొచ్చింది. లివర్ తోస్తే సగంలో నిలబడె. తొడ చీల్చిపోయింది."

వాళ్ళ శనక్కాయ చేను కొండ కిందే ఉంది. అడవి పందులు తెల్లారుజామున దిగుతాయి. చేనుకు మంచె ఉంది కానీ మందను తరమాలంటే కిందికి దిగక తప్పదు. ఈసారి రెండో తూటా ఎక్కకపోతే తొడతో పోదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

గొట్టం విప్పాను. లోపల ఎర్రటి జిగురు మడ్డి. వాళ్ళది ఎర్రనేల, దుమ్ము నూనెలో కలిసి అట్లా అయి ఉంటుందనుకున్నాను. కిరసనాయిలుతో కడిగి, స్ప్రింగు సాగదీసి, నా దగ్గరుండే ఉత్తుత్తి తూటాలు ఎక్కించి ఆడించాను. ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చాయి.

"లివర్ పూర్తిగా తోసినావా, బయపడి సగంలో ఇడిసినావా?" అన్నాను.

"పంది మీదికొస్తాంటే ఎవురైనా గట్టిగానే తోస్తారన్నా" అన్నాడు. అది నిజమే. అయినా లివర్ చివరిదాకా తొయ్యమని పాఠం చెప్పి పంపాను.

కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చాడు. మళ్ళీ రెండో తూటా దగ్గరే ఆగింది. ఈసారి మంచె ఎక్కి బతికిపోయాడు. మళ్ళీ విప్పాను. అదే ఎర్ర మడ్డి, అదీ ఇంత తొందరగా. కడిగి నా ఉత్తుత్తి తూటాలు పెడితే మళ్ళీ బుద్ధిగా వచ్చాయి. నా ముందర మంచిగా ఉండి వెనక పాడయ్యే తుపాకి అంటే నాకు ఒళ్ళు మండింది. అప్పుడు తట్టింది, వాడి తూటాలు నేను ఇంతవరకు చూడనే లేదని. అసలు తూటాలతో నా దుకాణం మెట్టెక్కవద్దని అందరికీ నేనే కట్టడి పెట్టాను. ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి వాడితోపాటు ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. తండ్రి వసారాలో మంచం మీద ఉన్నాడు. తల్లి నాకు చెంబుతో నీళ్ళిచ్చి, కాళ్ళు కడుక్కోమని, "మా వానికి ఏం గాకుండా సూడు నాయనా" అంది.

కాసేపటికి వాడు చేనుకు పోయే వేళయింది. ఆమె లోపలి నుంచి చేటలో తూటాలు పెట్టుకుని వచ్చింది. వాటి పక్కన కుంకుమ భరిణె, చిన్న మైనం డబ్బీ. గడప దగ్గర కూర్చుని, ఒక్కో తూటా ఎత్తి, దాని అడుగున గుండ్రటి ఇత్తడి మీద వేలితో మైనం రాసి, ఆ మైనం మీద కుంకుమ అద్దింది. తన నొసట ఎట్లా పెట్టుకుంటుందో సరిగ్గా అట్లాగే, రాలిపోకుండా. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఒక్కో తూటాకు కొడుకును కాపాడమని చెప్పుకుంటోంది.

మాది చర్చికి, ప్రార్థనకు పోయే ఇల్లు. మా అమ్మ నొసట బొట్టు లేదు, మా ఇంట్లో మైనం డబ్బీ లేదు. ఆ ఎర్ర మడ్డి ఏమిటో నాకు తోచకపోవడానికి అదే కారణం. కొడుకుకు తోచకపోవడానికి కారణం వేరు. ఆ ఇంట్లో నాగలికీ, ఎద్దుల కొమ్ములకూ, దసరాకు తుపాకికీ అన్నిటికీ బొట్టు ఉండేదే. తూటాకు కూడా ఉంటే వాడికేం వింత?

తూటాలు చేతికి తీసుకుని చూశాను. గొట్టంలో ఒక తూటా ముక్కు ముందరిదాని అడుగుకు ఆనుకుంటుంది. మధ్యలో మైనం, ముందు నుంచి స్ప్రింగు నొక్కుడు, పైన రాత్రంతా ఆళ్లగడ్డ వేసవి ఉక్క. రెండూ అతుక్కుపోతే ఒకటి పైకి లేవబోతుంది, రెండోది లేవనివ్వదు. లివర్ సగంలో ఆగుతుంది.

పక్కనున్న కొడుకు నా ముఖం చూసి, తూటా చూసి, అర్థం చేసుకున్నాడు. నన్ను దొడ్లోకి పిలుచుకుపోయాడు.

"అమ్మకు చెప్పొద్దన్నా" అన్నాడు. "ఈ కాలు తన వల్లేనని తెలిస్తే బతకదు."

సరే, చెప్పనన్నాను. నోట్లో మాట దాచుకోవడం తెలియని మనిషిని నేను. కానీ ఏమీ చెప్పకుండా ఉంటే రేపు మళ్ళీ బొట్టు పెడుతుంది. తూటాలన్నీ గుడ్డతో గట్టిగా తుడిచి, ఆ గుడ్డ దిబ్బ మీద పడేసి, ఆమె దగ్గరికి పోయాను.

"కొత్త స్ప్రింగు ఏసినానమ్మా" అన్నాను. "ఇది మొండిది. పాతదైతే తట్టుకుంటాండె. దీనికి తూటా మీద చిటికెడు కుంకుమున్నా పడదు."

ఆమె నన్నే చూసింది. "మరి బొట్టు యాడ పెట్టాల?"

"కట్టె మీద పెట్టమ్మా. తూటాకు పెడితే పేలినాక ఆడనే పడిపోతాది. కట్టె అయితే వాని చెంప పక్కనే ఉంటాది."

ఆమె కుంకుమ భరిణె తీసి, తుపాకి కట్టె మీద, కొడుకు చెంప ఆనే చోట బొట్టు పెట్టింది. ఆ పంట బతికింది. కొడుకూ బతికాడు. కాయ పీకడం అయ్యాక వచ్చి, "మూడోది గూడా ఎక్కిందన్నా" అని మాత్రం చెప్పిపోయాడు. ఆ తర్వాత ఏటా ఆ రైఫిల్ నా దగ్గరికి నూనె పెట్టించుకోవడానికి వచ్చేది. కట్టె మీద కుంకుమ పొర మీద పొర పేరుకుంది. అంతా తుడిచేవాణ్ణి, అది మాత్రం ముట్టుకునేవాణ్ణి కాదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఎనభైల చివర్లో, ఆమె కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి నంద్యాల వచ్చింది. కట్టు విప్పాక కొడుకు మందులు కొనడానికి పోతూ ఆమెను నా దుకాణంలో కూర్చోబెట్టాడు. టీ తెప్పించాను. తాగి గ్లాసు కింద పెట్టింది.

"కొత్త స్ప్రింగు ఏమీ ఎయ్యలేదు గదా నువ్వు" అంది.

నేను ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"నువ్వు దిబ్బ మీద పారేసిన గుడ్డ మరుసనాడు నేనే ఎత్తినా. నా మైనం నాకు తెల్దా? నీ మీద కోపం లేదప్పా. ఆ పొద్దు ముఖం మీద చెప్పింటే, ఇంగ యాడా బొట్టు పెట్టను నాకు చెయ్యి లేచేది కాదు."

కొడుకు మందుల పొట్లంతో రోడ్డు దాటి వస్తున్నాడు, ఆ కాలు ఇంకా కొంచెం ఈడుస్తూనే. ఆమె ఆ కాలునే చూస్తూ, గొంతు తగ్గించి అంది: "నాకు తెలుసని మాత్రం వానికి చెప్పొద్దు."

సరేనన్నాను. ముందు కొడుక్కిచ్చిన మాట ఒకటి, ఇప్పుడు తల్లికిచ్చిన మాట ఇంకొకటి. వాడు మెట్లెక్కి వచ్చి, "ఏందన్నా, మా అమ్మను గూడా తిడ్తాండావా?" అని నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను.