వంటావార్పులో మొదటి ముద్ద

ఎనిమిదో తరగతిలో నేను రెండేళ్లు ఉన్నాను. మూడో ఏడు కూడా ఉంటానంటే మా సారు, ఇంక కిరాయి కట్టమన్నాడు. అందుకే చదువు మానేశాను.

ఎక్కడికి పోయినా నేను ముందుగా చెప్పే మాట ఇది. నన్ను నేనే వెక్కిరించుకుంటే ఎదుటివాళ్లు నవ్వుతారు. నవ్విన మనిషి ఇంక లోతుగా ఏమీ అడగడు. ఈ కిటుకుతోనే చాలా ఏళ్లు గడిపేశాను. మీరు నవ్వారో లేదో నాకు కనబడదు కాబట్టి మీకు చెప్పేస్తాను. మా బిడ్డకు పద్నాలుగేళ్లు దాటాయి. నా గుండె మీదున్న బరువు ఆ పిల్లకంటే మూడున్నర నెలలు చిన్నది. పిల్లతోపాటే పెరిగింది. పిల్లను ఎత్తుకోవడం ఎప్పుడో మానేశాను. దీన్ని మాత్రం ఒక్కరోజు కూడా దించలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం ముందు నిలబడి, దారిన పోయేవాళ్లను లోపలికి పిలవడం నా పని. అంటే నోటితో బతికేవాణ్ణి. అప్పట్లో మన్సూరాబాద్‌లో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నా భార్య రజిత ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పైన వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. ఆమె భర్త ఏదో కంపెనీలో గుమాస్తా. కాలనీలో ఉద్యోగాలకు పోయే తల్లులు తమ పసిపిల్లల్ని పొద్దున ఆమె దగ్గర వదిలి సాయంత్రం తీసుకుపోయేవారు. ఎప్పుడు చూసినా నలుగురైదుగురు పిల్లలు ఆమె ముందుగదిలో పాకుతూ ఉండేవారు. ఆమెకు ఒక నియమం ఉండేది. తల్లి డబ్బాలో పెట్టి పంపిందే పిల్లకు పెట్టేది. తన ఇంట్లోది మెతుకు కూడా ముట్టించేది కాదు. ఇది కాలనీ అంతటికీ తెలుసు. ఆమె పేరంతా ఆ నియమం మీదే నిలబడి ఉంది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. వారానికి రెండు బందులు. షట్టర్లు మూస్తే నాకు పని లేదు, జెండా పట్టుకుని రోడ్డు మీద ఉండేవాణ్ణి. రాష్ట్రం కావాలన్నందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. ఇంటి దగ్గర మాత్రం అదంతా పరాచికమే. రాష్ట్రం వస్తే మెట్ల దగ్గర వీసా అడుగుతానని కింద నుంచి కేకేసేవాణ్ణి. ముందు మీ పాపను నా ఒళ్లోంచి తీసుకుని తర్వాత అడుగు బాబూ అని ఆంటీ పైనుంచి అనేది.

మూడో నెల దాటిన దగ్గర్నుంచి పాపకు ఆకలి ఆగేది కాదు. పాలు తాగేది, గంటకే మళ్లీ పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడ్చేది. తన పాలు చాలడం లేదని రజిత కుమిలిపోయేది. ఊళ్లో ఉన్న మా అమ్మ ఫోన్లో ఒకటే మాట: నీకు మూడో నెలల్నే జొన్న గట్క నాకించిన, నువ్వేమన్న సచ్చినవా అని. సూదులు వేసే నర్సమ్మ పాపను తూకం వేసి, బరువు బాగానే ఉంది, ఆరో నెల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు, ఏడిస్తే ఇంకోసారి పాలివ్వు అంది. రజిత ఆంటీని కూడా అడిగింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆంటీ చెప్పిన ప్రతి ముక్కా నాకు గుర్తుంది. మెడ నిలబడాలి. ఆనించి కూచోబెడితే కూచోవాలి. మనం తింటుంటే మన నోటి వంక చూసి చెయ్యి చాపాలి. అంతకు ముందు పెడితే నాలుకతో బయటికి నెట్టేస్తుంది, నెట్టిందంటే ఇంకా టైం కాలేదని పిల్లే చెబుతున్నట్టు. ఆరో నెల రాగానే తనే పరమాన్నం వండి, మంచిరోజు చూసి అన్నప్రాశన చేయిస్తానని కూడా అంది.

రజిత మురిసిపోయింది. నాకు ఎక్కడో చిన్న ముల్లు దిగింది. మా పిల్ల నోట్లో మొదటి ముద్ద ఆంధ్రా పరమాన్నమా? పైకి నవ్వుతూనే అన్నాను. లోపల నవ్వలేదు. పిల్లకు అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పిల్ల సంగతి. నా మనసులో మాత్రం అది ఎవరు ముందు పెడతారన్న పందెం అయిపోయింది. మూడున్నర నెలల పసిదాని ఆకలి మీద పందెం కాసే తండ్రిని ఏమంటారు? ఇప్పటికీ నాకు ఆ మాట దొరకలేదు.

ఆ రోజు కూడా బందే. ఎల్‌బీ నగర్ దగ్గర వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. అదొక నిరసన. పొద్దున రజిత కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి పోతూ పాపను గంటసేపు ఆంటీ దగ్గర వదిలింది. తిరిగొచ్చాక మళ్లీ మిషను మీద కూర్చుంది. పాప ఏడుపు ఆపడం లేదు. జర తిప్పుకొస్తానని భుజాన వేసుకుని బయల్దేరాను. వంటావార్పుకు పోతున్నానని చెప్పలేదు.

అక్కడ నన్ను చూడగానే మైకు ఇచ్చారు. ఎప్పుడూ ఇచ్చేవారే. నా ఏడుపుగొట్టు పిల్ల మైకులో ఏడ్చింది. జనం నవ్వారు. వెనకనుంచి ఎవరో, పిల్లకు ఆకలైతున్నట్టుందన్నా అన్నారు. అంతే, నా నోరు ఊరుకోలేదు. ఈమె పొద్దుగాల నుంచి నిరాహార దీక్షల ఉన్నది, మనందరి చేతుల మీద విరమింపజేద్దామన్నాను. చప్పట్లు. విస్తట్లోంచి కొంచెం పప్పన్నం తీసి, మెదిపి, వేలితో పాప నోట్లో పెట్టాను.

పాప నాలుకతో బయటికి నెట్టేసింది.

ఆంటీ మాట గుర్తుకొచ్చింది. రాలేదని చెప్పను. బాగా గుర్తుకొచ్చింది. కానీ ముందు జనం, చేతిలో మైకు, నోట్లో పరాచికం. బయటికొచ్చిన ముద్దను వేలితో మళ్లీ లోపలికి తోశాను. మళ్లీ నెట్టింది. మళ్లీ తోశాను. మూడోసారి లోపలికి పోయింది. పాప మొహం ఎర్రబడింది, ఆ తర్వాత ఆ ఎరుపు కూడా పోయింది. ఏడుపు ఆగింది. బోర్లా తిప్పి వీపు మీద తట్టాను. ఎన్నిసార్లు తట్టానో తెలియదు. అన్నం బయటపడ్డాక ఏడ్చింది. తెలంగాణ కారం తగిలిందిరా అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాప ఇంకా ఏడుస్తుంటే మైకులో నవ్వాను. నా జీవితంలో ఆ నవ్వు ఒక్కటి తీసేయగలిగితే చాలు అనిపిస్తుంది.

మూతి తుడిచి ఇంటికి తీసుకొచ్చాను. రజితకు ఏమీ చెప్పలేదు.

సాయంత్రానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆటోలు లేవు. ఎవరిదో బండి అడిగి తెచ్చి, గల్లీల్లోంచి ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. పాలు కాక ఇంకేమైనా పెట్టారా అని డాక్టరమ్మ అడిగింది. రజిత లేదంది. డాక్టరమ్మ నా వంక చూసింది. చెప్పడానికి రెండు మాటలు చాలు. పప్పన్నం పెట్టిన. ఆ రెండు మాటలు నోటి దాకా వచ్చాయి. రజిత మొహం చూశాను. పొద్దున పైన ఆంటీ ఏదో నాకించినట్టుంది అన్నాను. ఏం నాకించిందంటే తెలియదన్నాను.

ఎందుకన్నాను? భయమా? భయపడితే నేను పెట్టానని ఒప్పుకోకపోతే చాలు కదా, ఆమె పేరు ఎందుకు తేవాలి? ఆ రోజుల్లో ఆంధ్రా మనిషి పేరు చెబితే ఎవరూ రెండో మాట అడగరని నాకు తెలుసు. నిజం అదే. రోడ్డు మీద అన్నం వండుకు తిన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల కోపాన్ని అడ్డం పెట్టుకుని నేను నా వేలిని దాచుకున్నాను.

ఏం తిన్నదో తెలిస్తే సగం పని తగ్గేదని డాక్టరమ్మ విసుక్కుంది. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది, చివరికి కాలు. గుచ్చిన ప్రతిసారీ రజిత పై ఆంటీని తిట్టింది. నేను పక్కనే నిలబడి విన్నాను. మూడు రోజులు ఉంచుకుని పంపారు. పాప తేరుకుంది.

ఇంటికి రాగానే రజిత మెట్లెక్కి అరిచింది. కాలనీ అంతా తెలిసిపోయింది. మర్నాడు ఆంటీ మా గుమ్మం ముందుకు వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు, మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన, అందరూ ఉన్నారు. ఆమె రజితను చూడలేదు. నన్నే చూసింది.

"నేను పెట్టడం నువ్వు కళ్లారా చూశావా బాబూ?"

అప్పుడైనా ఆగి ఉండొచ్చు. ఆగలేదు.

"మీరు మా నోటికాడి బువ్వ గుంజుకునుడు చూసినం గని ఆంటీ, మా నోట్ల పెట్టుడు గిదే ఫస్టు."

గుమ్మం ముందున్న వాళ్లందరూ నవ్వారు. ఇంటాయన కడుపు పట్టుకుని నవ్వాడు. నా బతుకులో అంత బాగా పేలిన మాట ఇంకోటి లేదు.  ఆంటీ వెనక్కి తిరిగి పైకి పోయింది.

పదిహేను రోజుల్లో తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. అందరూ నమ్మారని కాదు, మనకెందుకీ పరేషాన్ అనుకున్నారు. ఆమె ముందుగదిలో పిల్లల చప్పుడు ఆగిపోయింది. కింద గదిలో ఉన్నవాడికి ఆ నిశ్శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో ఎలా చెప్పను? రెండు నెలలకు వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. బీరువా దించుతుంటే ఒక పక్క నేనే పట్టాను. మెట్లు ఇరుకు, చూసుకోమని ఆమె నాకే చెప్పింది.

పోయిన నెల దుకాణంలో కొత్తగా చేరిన పిల్లగాడు, వాళ్ల పాపకు నాలుగో నెల అని, ఆకలికి ఆగడం లేదని, అన్నం ఎప్పుడు పెట్టాలన్నా అని అడిగాడు. ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒక పరాచికం ఉంటుంది. దీనికి దొరకలేదు. నన్ను అడగొద్దు, నర్సమ్మను అడుగు అన్నాను. ఆ సాయంత్రం రజితకు అంతా చెప్పాను. చేతిలో కత్తెర పక్కన పెట్టింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ఎవరెవరినో అడిగి, ఆంటీ వాళ్లు బాటసింగారం దగ్గర చిన్న ఇల్లు కట్టుకుని ఉంటున్నారని తెలుసుకుని నాకు చెప్పింది. తను మాత్రం రాలేదు. ఏ మొహం పెట్టుకుని రావాలంది.

ఇదంతా రాస్తున్న ఈ కాగితం మీద నా పేరు లేదు. ధైర్యం ఇంతవరకే వచ్చింది.

ఆదివారం పొద్దున ఒక్కణ్ణే పోయాను. ఆమె జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టింది, కుర్చీ చూపించింది. వంటావార్పు, పప్పన్నం, నాలుక, వేలు, దవాఖాన, అన్నీ వరసగా చెప్పాను. ఒక్క పరాచికం కూడా కలపలేదు. మధ్యలో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. అయ్యాక చాలా ఏళ్ల తర్వాత ఊపిరి నిండా ఆడింది. ఆ తేలికకే మళ్లీ సిగ్గేసింది. ఆమె పాప ఎలా ఉందని అడిగింది, అన్నం సరిగ్గా తింటుందా అని అడిగింది. తింటుందన్నాను. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. లేచి గేటు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచింది.

"అప్పుడు నలుగురిలో నవ్వించావు కదా బాబూ. ఇప్పుడొచ్చి నా ఒక్కదాని ముందు ఏడుస్తావేం?"