చంటిబిడ్డ ఉన్నప్పటికీ

ఆరేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చదివితే పొగడ్తలా ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను బెంగళూరులో ఒక జీవశాస్త్ర ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా సార్ సిఫారసు లేఖలు స్వయంగా రాసేవారు కాదు. నా ఇంగ్లీషు బాగుంటుందని నాకు అప్పగించేవారు. పైపైన చూసి సంతకం పెట్టేవారు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఆ ఏడాది ఒకే ఉద్యోగానికి మా ల్యాబ్ నుంచి ఇద్దరు సీనియర్లు దరఖాస్తు పెట్టారు. సొంతంగా ల్యాబ్ నడుపుకోగలిగే ఉద్యోగం. ఒకరు కిరణ్. ఇంకొకరు సుజాతక్క. అక్కకు ఏడాది కూతురు. ఐదయ్యేసరికి బిడ్డ కోసం క్రెష్‌కు పరుగెత్తేది. ఆ సాయంత్రాలూ ఆదివారాలూ ఆమె ల్యాబ్‌లో పెంచుతున్న కణాలను నేను చూసుకునేదాన్ని. అడిగితే సరేననేదాన్ని. లోపల ఉడుక్కునేదాన్ని.

కిరణ్ లేఖలో ‘స్వతంత్రంగా ఆలోచించే శాస్త్రవేత్త’ అని రాశాను. అక్క లేఖలో మొదట, ‘ఈ ల్యాబ్‌లో ఎవరికీ తట్టని ప్రశ్నలు ఈమెకు తడతాయి’ అని రాశాను. అది నిజం. కాసేపటికి దాన్ని కొట్టేసి, ‘చంటిబిడ్డ ఉన్నప్పటికీ ఎంతో కష్టపడుతుంది, అందరికీ సాయపడుతుంది’ అని పెట్టాను.

ఎందుకు? ఆ సాయంత్రం కూడా ఆమె పని నా మీద పడినందుకా? ఆమె వెళ్లిపోతే నేను అక్కడే మిగిలిపోతానన్న దుగ్ధా? అలవాటుగా వచ్చిన మాటేనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ, అలవాటైతే మొదటి వాక్యం ఎందుకు రాశాను, రాసినదాన్ని ఎందుకు కొట్టేశాను? చదివేవాళ్లకు ఏం వినపడుతుందో నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఉద్యోగం కిరణ్‌కు వచ్చింది. మర్నాడు క్యాంటీన్‌లో అక్క నా ఎదురుగా కూర్చుంది.

“ఇంటర్వ్యూలో బిడ్డ గురించే అడిగినారప్పా. నేను అప్లికేషన్లో యాడా రాయలేదే. సార్ లెటర్లో ఏముండాదో నీకేమన్నా తెలుసా?”

“తెలీదక్కా.”

“నీకెట్ల తెలుస్తాదిలే, నువ్వేమన్నా సారా?” అని నవ్వింది. డబ్బాలోని ఒబ్బట్టు సగం తుంచి నాకు పెట్టింది. తిన్నాను.

అక్క ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి మందుల రిపోర్టులు దిద్దుతోంది. ఇంకొకరి ప్రయోగాలు, ఇంకొకరి పేర్లు. ఆడవాళ్లు పైస్థాయికి ఎందుకు చేరడం లేదని మా దగ్గర ఏటా ఒక చర్చ పెడతారు. పోయినసారి నేనూ మాట్లాడాను. ఇల్లు అన్నాను, సమాజం అన్నాను. లేఖల మాట ఎత్తలేదు.

నా పాపకు తొమ్మిది నెలలు. పక్కనే పడుకుంది. ఇప్పటికీ అదే ల్యాబ్‌లో ఉన్న నేనూ అలాంటి ఉద్యోగానికే దరఖాస్తు పెట్టాను. నా లేఖ సార్ సంతకంతోనే వెళ్తుంది. రాసేది కొత్తగా చేరిన అమ్మాయి. నేను ఐదింటికి బయల్దేరాక నా పని చూసుకునేదీ ఆమే. నిన్న తలుపు దగ్గర ఆపి, “అక్కా, ఇంత చిన్న పాపతో ఎలా చేస్తున్నారో, లేఖలో అది తప్పకుండా రాస్తాను” అంది. మెచ్చుకోలుగానే అంది.

వద్దని చెప్పాలి. ఎందుకని అడిగితే? తలూపి వచ్చేశాను.

రేపు లేఖ వెళ్లిపోతుంది. ఆ అమ్మాయికి చెప్తానో లేదో తెలియదు. అక్క నంబరు నా దగ్గరుంది, చేస్తానో లేదో అదీ తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి, అక్క అడిగినదానికి జవాబు రాస్తున్నాను. తెలుసక్కా. ఆ లెటర్లో ఏముందో నాకు తెలుసు. రాసింది నేనే.