మూడు వేల నోళ్ళు మూయించిన పైపులక్క

ఆవిడ అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఊరందరికీ ఆవిడ పైపులక్క. పిల్లలకూ పైపులక్కే, ఆ పిల్లల తాతలకూ పైపులక్కే. తండ్రి ప్లంబరు. ఆయన మోకాళ్ళు అరిగిపోయి వంగలేని పరిస్థితి వచ్చినప్పుడు, పంతొమ్మిదేళ్ళ కూతురు పానా అందుకుంది. ఆడపిల్లకు ఇదేం పనని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఆ నలుగురి ఇళ్ళలోనూ ఏదో ఒక రోజు వంటింట్లో పైపు పగిలింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

తండ్రి ఆవిడకిచ్చిన ఆస్తి ఒక్కటే, చెవి. మూరన్నర పొడవున్న ఇనుప చువ్వ ఒక కొసను నేలకో గోడకో ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుంటే, లోపల నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో తెలిసిపోతుంది. "నీళ్ళు అబద్ధం చెప్పవమ్మా, మనం వినాలంతే" అనేవాడాయన. ముప్పై ఏళ్ళు వినీ వినీ, ఆవిడ చెవికి గోడలు అడ్డం కాకుండా పోయాయి. మేడమీద ఎవరో కుళాయి సరిగ్గా కట్టలేదని కింద వీధిలో నడుస్తూనే చెప్పేది.

సంగీతం మాత్రం ఆవిడ భర్తది. ఆయన దర్జీ. రోజంతా మిషను తొక్కుతూ ఏదో ఒకటి పాడుకుంటాడు. రాగం ఒక దారి, తాళం ఒక దారి. "ఆ పాటకన్నా కుళాయిలో గాలి పట్టిన కూతే నయం" అని ఆవిడ వెక్కిరిస్తే, "కూతకు డబ్బిచ్చేవాళ్ళున్నారు, పాటకు లేరు, అదే తేడా" అని ఆయన నవ్వేవాడు.

అలాంటి ఇంటికి ఒకరోజు బడిలో సంగీతం చెప్పే మాస్టారు వచ్చాడు. ఊరి చివర పాత ఇటుక బట్టీల మైదానంలో మూడు రోజుల సంగీతోత్సవం చేస్తున్నారట. కంపెనీల బ్యానర్లు ఉండవు, సినిమా వాళ్ళు ఉండరు. సొంతంగా పాటలు కట్టుకుని, సొంతంగా పాడుకునేవాళ్ళే వస్తారట. వేదిక సిద్ధం, దీపాలు సిద్ధం, పెద్ద స్పీకర్లు కూడా వచ్చేశాయి. ఆయన వచ్చింది మాత్రం వేదిక వెనక చేతులు కడుక్కునే తొట్టి ఒకటి బిగించమని అడగడానికి.

"ఎంతమంది వస్తారు మాస్టారూ?"

"ఎనిమిది వందలు అనుకుంటున్నాం."

"వాళ్ళు తాగడానికి?"

మాస్టారు నీళ్ళు నమిలాడు.

"నమలడానికి మీకున్నాయి గానీ, వాళ్ళకి లేవన్నమాట" అంది పైపులక్క. "ఇల్లలకగానే పండగ కాదండీ. పదండి, ముందు నేల చూపించండి."

కూలీలను పెట్టుకుని రెండు రోజుల్లో పెద్ద రోడ్డు పక్కనున్న పురపాలక గొట్టం నుంచి మైదానం దాకా అర కిలోమీటరు ఇనుప పైపు వేసింది. బండ్లు తొక్కకుండా అడుగు లోతున పాతింది. నీళ్ళు తోయడానికి మైదానం చివర ఒక మోటారు బిగించి, పన్నెండు కుళాయిలు పెట్టింది. ఆ ఏడు పాడినవాళ్ళలో సగం మంది పేర్లు ఇప్పుడెవరికీ గుర్తు లేవు గానీ, ఎండలో దాహంతో పడిపోయినవాడు ఒక్కడూ లేడు.

అప్పటినుంచి ఏటా ఆ మూడు రోజులూ మైదానం చివర మోటారు గదిలోనే ఆవిడ కాపురం. వేదిక అక్కడికి కనపడదు. భర్త మాత్రం గుంపు మధ్యలో దూరి, చేతులు గాల్లో ఊపుతూ చిందులేసి, సాయంత్రం చెమటతో తడిసి వచ్చి ఎవరెలా పాడారో వర్ణించేవాడు.

"నాకు తెలుసులెండి" అనేదావిడ. "మూడో ముఠావాళ్ళ రెండో పాటలో డోలు వెనకబడింది."

ఆయన నోరు తెరిచేవాడు. నిజంగానే వెనకబడింది. పైపు ఎలా ఉందో చూద్దామని చువ్వ చెవికి పెట్టుకున్నప్పుడల్లా, వేదిక మీది డోలు దెబ్బలు నేలలోంచి ఇనుములోకి దిగి, నీళ్ళ చప్పుడుతో కలిసి ఆవిడ చెవిలో పడేవి. మొదట్లో అది అడ్డంగా అనిపించేది. మూడో ఏడు వచ్చేసరికి, పైపు బాగానే ఉందని తెలిసినా చువ్వ కింద పెట్టబుద్ధి కాలేదు.

ఆరో ఏడు జనం మూడు వేలు దాటారు. శనివారం మధ్యాహ్నం, ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. వేదిక మీద కంచుగొంతు గాయని ఒకావిడ పాడుతోంది. అప్పుడు కుళాయిలు ఒక్కొక్కటే సన్నబడి, చివరికి బొట్లు బొట్లుగా రాలడం మొదలుపెట్టాయి. వరుసల్లో నిలబడ్డవాళ్ళు ఒకర్నొకరు నెట్టుకుంటున్నారు.

పైపులక్క మోటారు చూసింది, వాల్వు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అంటే మధ్యలో ఎక్కడో జాయింటు వదిలింది. ఆ నేలంతా ఇటుక ముక్కలు, బూడిద. ఎన్ని నీళ్ళు కారినా లోపలికే తాగేస్తుంది తప్ప పైకి తడి కనపడదు. అర కిలోమీటరూ తవ్వుతూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. వినాలి. కానీ ఆ స్పీకర్ల హోరులో ఏం వినపడుతుంది?

ఆవిడ బురద బూట్లతోనే నేరుగా వేదిక ఎక్కింది.

"అమ్మా, పాట కాస్త ఆపాలి" అంది గాయనితో.

"పాట మధ్యలోనా?"

"పాటదేముంది, మళ్ళీ ఎత్తుకోవచ్చు. నీళ్ళు లేకపోతే వినేవాళ్ళే ఉండరు. నాకు పది నిమిషాలివ్వండి. పాట, స్పీకర్ల జనరేటరు, జనం, అన్నీ ఆగాలి."

మాస్టారు పరుగెత్తుకొచ్చి గుసగుసలాడాడు. "నీళ్ళు లేవని మైకులో మాత్రం అనకండి, తొక్కిసలాట అయిపోతుంది!"

గాయని పైపులక్క బూట్లనూ, చేతిలోని చువ్వనూ, మొహాన్నీ చూసింది. మైకు అందుకుంది. "అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. ఈ అక్క కాసేపు నేలతో మాట్లాడాలట." ఆ మాటతో జనరేటరు కూడా ఆగిపోయింది. గాయని పెదాల మీద వేలు పెట్టుకుని అలాగే నిలబడింది.

మూడు వేల మంది కూర్చున్నారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

పైపులక్క పైపు పాతిన దారి వెంబడే నడిచింది. నాలుగడుగులు, చువ్వ ఆనించడం, వినడం. మళ్ళీ నాలుగడుగులు. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మైదానం మధ్యకు వచ్చేసరికి లోపల ఏదో సన్నటి బుస. ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. ఊపిరి బిగబట్టింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

పైపులక్క ఉలిక్కిపడింది. పక్కనే కూర్చున్న కుర్రాడొకడు, తన పక్కనున్న అమ్మాయి చెవిలో అడుగుతున్నాడు. మాట్లాడొద్దన్నారు కదా, ఆ అమ్మాయి పెదవి విప్పలేదు. వాడు మళ్ళీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు.

పైపులక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది. "అమ్మాయ్, అవునో కాదో చెప్పెయ్! ఈ అబ్బాయి నోరు మూసేదాకా నా పని సాగేట్టు లేదు."

చుట్టూ నూరు మంది నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. అమ్మాయి తల నిలువునా ఊపింది. కుర్రాడు ఏడుపు లంకించుకోబోతే, పైపులక్క ఒక్క చూపు చూసింది. అదీ ఆగింది.

మరో ఎనిమిది అడుగుల అవతల దొరికింది. ఏదో వ్యాను మెత్తటి చోట దిగబడి, జాయింటును కదిపేసింది. తవ్వించి, లారీ ట్యూబు రబ్బరు చుట్టి, పట్టీ బిగించింది. తవ్వకం మొదలవగానే పాటా మొదలైంది. అరగంటలో పన్నెండు కుళాయిలూ పారాయి. అసలు జరిగిందేమిటో మైకులో ఎవరూ చెప్పలేదు. పైపులక్క కూడా చెప్పుకోలేదు. మురికి కడుక్కుని మోటారు గదికి వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళు గడిచాయి. పదో ఉత్సవానికి ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, గ్రంథాలయం మేడమీద గదిలో మాస్టారు అభిమానులందర్నీ పోగుచేశాడు. ఎవరి జ్ఞాపకం వాళ్ళు చెప్పాలి, అవన్నీ రికార్డు చేసి దాచాలని ఆయన ఆలోచన. పైపులక్కను కూడా పిలిచాడు. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చోబోతే, ఆవిడ చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

ఒక నర్సు లేచి, మొదటి రోజే ఎడమ చెప్పు పోతే, పోయిన వస్తువుల పెట్టెలో దొరికిన ఇంకో కుడి చెప్పు వేసుకుని మూడు రోజులూ ఆడానని చెప్పింది. ఇద్దరు అన్నదమ్ములు నూనె డబ్బా మీద దరువేసిన మనిషి వచ్చింది నాలుగో ఏడా ఐదో ఏడా అని అక్కడే కొట్టుకున్నంత పని చేశారు. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకున్న కాలేజీ లెక్చరరు లేచాడు.

"నాకు ఏ పాటా కాదు, ఆ నిశ్శబ్దమే గుర్తుంది. ఒకావిడ, దూరం నుంచి మొహం కనపడలేదు గానీ, భూమిని పలకరిస్తూ నడిచింది. అది ఆ గాయని చేసిన గొప్ప ప్రయోగం. అప్పటికి మా నాన్న పోయి నెల. ఇంట్లో ఒక్క చుక్క రాలలేదు. అక్కడ కూర్చుని ఏడ్చాను."

"ప్రయోగం కాదండీ, ఆ ఏడు చనిపోయిన ఒక వేణు విద్వాంసుడి కోసం పాటించిన మౌనం" అన్నాడు ఒక బ్యాంకు ఉద్యోగి.

"ఏదైతేనేం" అంటూ చంటిపిల్లను చంకనేసుకున్న ఒకమ్మాయి లేచింది. పక్కన భర్త సిగ్గుతో నేల చూస్తున్నాడు. "ఈయన నన్ను అడిగింది అప్పుడే. మాట్లాడొద్దన్నారు కదాని నేను బిగుసుకుపోతే, ఎవరో పెద్దావిడ చెప్పెయ్ చెప్పెయ్ అని గదమాయించింది. బురద బూట్లు తప్ప నేనేమీ చూడలేదు. తల ఎత్తడానికి సిగ్గేసింది. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు."

దర్జీ భార్యను మోచేత్తో పొడిచాడు. "చెప్పవే."

"చెప్తాను, పొడవకండి." పైపులక్క లేచింది. "నేనే తల్లీ. పైపు పగిలింది. ఎక్కడ పగిలిందో వినాలని మీ అందర్నీ నోరు మూసుకోమన్నాను. ప్రయోగమూ లేదు, మౌనమూ లేదు."

గదంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి కుర్చీలు తోసుకుంటూ వచ్చి, పిల్లను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టేసింది. పైపులక్క పిల్లను ఎత్తుకునే జరిగినదంతా చెప్పింది, వ్యానుతో సహా, ట్యూబు రబ్బరుతో సహా. మాస్టారి మొహం వెలిగిపోయింది. లెక్చరరు మొహం మాత్రం చిన్నబోయింది.

"అయితే మేమంతా ఒక లీకు కోసం ఏడ్చామన్నమాట" అన్నాడు.

పైపులక్క ఆయన వంక నిదానంగా చూసింది. "లీకు కోసం విన్నది నేను బాబూ. మీరు మీ నాన్న కోసం ఏడ్చారు. నా పని నేను చేసుకున్నాను, మీ పని మీరు చేసుకున్నారు. అందులో అబద్ధం ఏముంది?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "ఏమీ లేదక్కా" అన్నాడు.

ఆ ఏడు నుంచి మాస్టారు మైదానం పటం గీసేటప్పుడు ముందు పైపు దారి గీసి, ఆ తర్వాతే వేదిక ఎక్కడో గుర్తు పెడుతున్నాడు. కమిటీలో పైపులక్కకు ఒక కుర్చీ వేశారు. ఆవిడ మొదటి సమావేశంలోనే వ్యాన్లు లోపలికి రాకూడదని తీర్మానం చేయించి, టీ తాగి వచ్చేసింది. పదో ఉత్సవంలో కంచుగొంతు గాయని మళ్ళీ వచ్చినప్పుడు, మోటారు గదికి తాళం వేసి, భర్త పక్కన నిలబడి మొదటిసారిగా పాటంతా రెండు చెవులతో విన్నది. ఆయన చిందులేస్తే దూరం జరగలేదు.

గ్రంథాలయంలో ఆ రోజు సమావేశం అయ్యాక మాత్రం ఇంటికి బయల్దేరడానికి గంట పట్టింది. మెట్ల మీద ఒకరి తర్వాత ఒకరు ఆపారు. నర్సు ఇంట్లో గీజరు, అన్నదమ్ముల్లో పెద్దవాడి మేడమీద ట్యాంకు. అందరికంటే చివర లెక్చరరు నిలబడ్డాడు.

"అక్కా, మా స్నానాల గదిలో రాత్రంతా టప్ టప్‌మని..."

"వాషరు పోయుంటుంది. రేపు తొమ్మిదికి వస్తాను" అంది పైపులక్క. "ఇంట్లో ఉండండి."