మంచుకొండ మీద చున్నీ ముడి

మనిషన్నాక తప్పులు చేస్తాడు. కానీ మంచుకొండ నడుమ, ఐసు వాన కురుస్తుండగా, కన్నకూతుర్ని కాపాడబోయి నేను చేసిన ఘనకార్యం తప్పుల జాబితాలో పట్టదు. దానికి వేరే పుస్తకం కావాలి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా ఎక్కిళ్లు వస్తే మంచినీళ్లకు బదులు ఈ కథే చెబుతారు. వాళ్లు చెబితే మసాలా ఎక్కువ దట్టిస్తారు కాబట్టి, పరువు పోయేదేదో నా చేతులతోనే పోనిమ్మని నేనే రాస్తున్నాను.

ముందు నా భయం సంగతి చెప్పాలి. మాది శాలిబండ. అక్కడి నుంచి నయాపూల్ దాకా స్కూటీ మీద వెళ్లాలన్నా మా పింకీని చున్నీతో నా నడుముకు రెండు ముళ్లేసి కట్టుకుంటాను. పాతబస్తీలో చాలామంది తల్లులు కడతారు, నిజమే. కానీ వాళ్ల పిల్లలకు మూడేళ్లో నాలుగేళ్లో ఉంటాయి. పింకీకి అప్పటికి తొమ్మిది. సిగ్నల్ దగ్గర ఆటో భాయ్ ఒకతను, "ఏందమ్మా, పాపను పార్సిల్ చేస్తున్నవా?" అని అడిగాడు కూడా.

అలాంటిదాన్ని మా ఆయన స్కీయింగ్ అంటూ మనాలికి తీసుకెళ్లాడు. వెంట పింకీ, అత్తమ్మ.

అత్తమ్మ నాలుగున్నర అడుగుల మనిషి. అయినా మా పాల వ్యాపారం, ఇరవై బర్రెలు, ఇద్దరు కొడుకులు ఆమె కనుసైగ మీదే నడుస్తాయి. పెళ్లయి పదకొండేళ్లయినా ఆమె ముందు నేను గట్టిగా తుమ్మి ఎరగను. అక్కడ కిరాయి బట్టల దుకాణమతను మాత్రం ఆమెను ఎగాదిగా చూసి, పింకీకి ఇచ్చినలాంటి పిల్లల సైజు ఎర్ర సూటే చేతిలో పెట్టాడు. సూట్ల మీద నేను అందరికీ టోపీ తొడిగి, మఫ్లర్ మూడు చుట్లు చుట్టి, ఊడిపోకుండా పిన్నీసులు పెట్టాను.

"నా నోరెందుకు కట్టేస్తున్నవే?" అంది అత్తమ్మ.

"చలి నోట్లకెళ్లే పోతదంట అత్తమ్మా!"

"పిల్లకు మంచు చూపిద్దామని తెస్తే మూట కడుతున్నవేంది?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ఆ స్కీ కట్టెల మీద నిలబడనని కింద ఛాయ్ దుకాణంలో కూర్చుంది. మేం ముగ్గురం స్కీలు కట్టుకుని కొండెక్కాం. పింకీ వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ముందు, నేను వెనక, గోడ పట్టుకుని నడక నేర్చుకునే పిల్లలా.

పావుగంట గడిచిందో లేదో ఆకాశం బొగ్గులా మారింది. గాలి లేచింది. వాన మొదలైంది, అదీ మామూలు వాన కాదు, పడ్డ చుక్క పడ్డట్టే ఐసై అతుక్కునే వాన. మంచు కాస్తా అద్దమైపోయింది. స్కీయింగ్ నేర్పేవాడు ఈల వేసి, "సబ్ నీచే చలో! జల్దీ!" అని అందర్నీ కిందికి దిగమని అరిచాడు. నా కళ్లద్దాలు పొగ పట్టాయి.

"పింకీ!" అని అరిచాను. జవాబు లేదు. మళ్లీ అరిచాను. గాలే అరిచింది. నా గుండె బూట్లలోకి జారింది.

అంతలో చిన్న ఎర్ర ఆకారం ఒకటి, పాకుతూ నా వైపే వచ్చింది. నేనేం చేశానో మీరీపాటికి ఊహించే ఉంటారు. ఒక్క గుంజు గుంజి, సూటు మీద వేసుకున్న చున్నీ విప్పి, నా నడుముకు రెండు ముళ్లేసి కట్టేశాను. మూడోది కూడా వేశాను, కొండ కదా అని.

"డాడీ చెయ్యి ఇడవొద్దన్ననా లేదా?"

"ఊఁ! ఊఁఊఁ!"

"ఏడ్వకు! నోరు మూస్కో!"

నోరు మూసి పిన్నీసు పెట్టిందే నేనని ఆ క్షణాన గుర్తుకు రాలేదు. మూట గింజుకుంది. పిర్ర మీద ఫట్‌మని ఒకటిచ్చాను.

"అంతా మీ నానమ్మ పోలికే! గదే మొండితనం! ఎవరి మాట ఇనేది లేదు, లోకంల అన్నీ ఆమెకే ఎరుక! ఇంట్ల ఆమె ఒక్కదానితోనే ఏగలేక సస్తున్న, ఇప్పుడు నువ్వొకదానివా?"

మూట ఠక్కున కదలడం మానేసింది. చూశారా, మందు పనిచేసిందనుకున్నాను.

ఆ గర్వంతో ఒక్క అడుగు వేశానంతే. స్కీలు నన్ను అడక్కుండానే బయల్దేరాయి. వెల్లకిలా నేను, నా మీద మూట, ఇద్దరం బిందెలు దొర్లినట్టు దొర్లి, ఛాయ్ దుకాణం ముందున్న మంచు కుప్పలో దిగబడ్డాం.

"మమ్మీ!"

పిలుపు నా నడుము దగ్గర్నుంచి రాలేదు. దుకాణంలోంచి వచ్చింది. పింకీ, మఫ్లర్ తీసేసి, బిస్కెట్ పట్టుకుని వాళ్ల నాన్న పక్కన నిలబడి ఉంది.

పింకీని చూశాను. చున్నీ రెండో కొసను చూశాను. ఒక్కో పిన్నీసే తీశాను. మఫ్లర్ మూడు చుట్లూ విప్పాను.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది అత్తమ్మ. "ఉంటే చెప్పు. చెవులు మంచిగనే ఇనపడ్తున్నయ్."

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "మేం ఎప్పుడో దిగినమే! నువ్వు రాలేదని నేను మళ్లా పైకి పోతనంటే, పిల్లను ఇడవకు అని అమ్మనే బయల్దేరింది. నిన్ను ఎతకనీకి!"

నన్ను వెతకడానికి. ఆ ఐసు వానలో, పాకుతూ. అద్దమైన మంచు పగిలి నన్ను మింగితే బాగుండుననిపించింది. అది కూడా నాలాంటిదాన్ని మింగనంది.

"అత్తమ్మా... కోపమొచ్చిందా?"

ఆమె మంచు దులుపుకుని, ఛాయ్ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగింది.

"కోపమెందుకే? మా అమ్మ పోయినంక నన్ను కొట్టినోళ్లే లేరు. యాదికొచ్చింది." ఇంకో గుక్క తాగింది. "ఆ ఏగలేక సచ్చే ముచ్చట మాత్రం, ఇంటికి పోయినంక నిమ్మళంగ కూసొని మాట్లాడుకుందాం."

మాట్లాడుకున్నాం. మనాలి చలి అంతకన్నా నయం.

అందుకే పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై మా అత్తమ్మను ఎంత తిట్టాలనిపించినా, ఎదురుగా ఉన్నది ఆమె కాదని ముసుగు తీసి, వెలుతుర్లోకి తిప్పి, రెండుసార్లు చూసుకున్నాకే నోరు తెరుస్తాను.