మేడమ్ చెవి దగ్గర మా పిన్ని

మా పిన్ని ఓ ఫ్యాక్టరీ ఓనరు భార్యకి సోషల్ సెక్రటరీ. ఉద్యోగంలో చేరిన రోజు "అంటే ఏం చేస్తావు?" అని అడిగాడు మా బాబాయి. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. మేడమ్ ఏ విందుకి వెళ్ళాలో, ఎవరినీ ఎవరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెడితే కొంప మునుగుతుందో, పోయినసారి ఏ చీర కట్టిందో, అన్నీ పిన్నే చూసుకుంటుంది. అసలు పని మాత్రం మేడమ్ భుజం వెనక నిలబడి చెవిలో ఊదడం. ఎదురుగా మనిషి కనబడితే చాలు, "బ్యాంకు మేనేజరుగారి భార్య. మోకాలి ఆపరేషనైంది" అంటుంది. మేడమ్ ముఖం చాటంత చేసుకుని, "మోకాలు ఎలా ఉందమ్మా?" అంటుంది. ఆవిడ కాస్తా ఉబ్బితబ్బిబ్బైపోయి, మేడమ్‌కి మనుషులంటే ఎంత ప్రేమో అని ఊరంతా చెప్పుకుంటుంది. ప్రేమా, నా మొహమా! మేడమ్‌కి సొంత మొగుడి పుట్టినరోజు కూడా పిన్నే గుర్తుచేయాలి.

పిన్ని కూతురు, నాకు అక్క వరస, చేస్తున్న ఉద్యోగం మానేసి బట్టలు కుట్టే షాపు పెట్టింది. మేడమ్ వచ్చి రిబ్బను కత్తిరిస్తే పెద్దింటి ఆడవాళ్ళంతా ఆవిడ వెనకే వస్తారు. లేదంటే షాపులో ఈగలు తోలుకోవాల్సిందే. మేడమ్‌ని తీసుకురమ్మని అక్క పిన్ని కాళ్ళావేళ్ళా పడింది. తన ఇంటికోసం మేడమ్‌ని ఏనాడూ ఏమీ అడగని పిన్ని ఆ వారమంతా అన్నం కెలుకుతూ కూర్చుంది. చివరికి అడగనే లేదు. మామూలుగా కారెక్కించి, "టైలరింగ్ షాపు ఓపెనింగండీ. అమ్మాయి కష్టపడి పెట్టుకుంది" అని మాత్రం చెప్పిందట.

మేడమ్ వచ్చింది. వెనకే కార్ల వరస. రిబ్బను తెగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ అక్క చెయ్యి పట్టుకుని, అలవాటుగా మెడ కాస్త వెనక్కి వంచింది. చెవిలో ఊదాల్సిన పిన్ని తెగిన రిబ్బను చుట్టుకుంటూ ఉండిపోయింది. దాంతో మేడమ్ తనకి తోచిందే అడిగేసింది.

"పాపం, మీ అమ్మగారు రాలేదామ్మా?"

నవ్వాలో, ఆ కత్తెర లాక్కోవాలో నాకు తెలియలేదు. ఒళ్ళు మండిపోయింది.

"వచ్చిందండీ" అంది అక్క. "మీ వెనకే ఉంది."

మేడమ్ తిరిగి చూసింది. పిన్ని మెల్లగా ఇటు నడిచొచ్చి అక్క పక్కన నిలబడింది. అంతలో గుమ్మంలోంచి ఎవరో పెద్దావిడ రెండు చేతులూ చాచుకుని మేడమ్ మీదికే వస్తోంది.

"ఎవరావిడ?" అంది మేడమ్ కంగారుగా.

"మీరే పలకరించండి మేడమ్" అంది పిన్ని. "ఇవాళ నేను అమ్మాయి తరఫు."