ఉబ్బిన కండెన్సర్లు

పీర్ మహమ్మద్ ఇరవై ఏళ్లు మడకశిర బస్టాండు వెనక కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టాడు. చుట్టి ఇచ్చి ఊరుకునేవాడు కాదు. రైతు వెంట పొలానికి వెళ్లి, స్టార్టరు నొక్కి, పైపులోంచి నీళ్లు దూకేదాకా అక్కడే నిలబడేవాడు. మొదటి దోసిలి నీళ్లు ఆయనే తాగాలని రైతులు పట్టుబట్టేవాళ్లు.

వరుస కరువుల్లో బోర్లు ఎండిపోయాయి. మోటార్లు రావడం మానేశాయి. యాభై ఏళ్ల వయసులో హిందూపురం వెళ్లి కంప్యూటర్ల రిపేరు నేర్చుకుని, అదే అంగడికి కొత్త బోర్డు కట్టాడు. పనికి లోటు లేదు. అయినా మబ్బు పడితే చాలు, చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చేవాడు.

2007లో వనజాక్షి తన కంప్యూటరును ఆటోలో తెచ్చింది. తెలుగులోనూ కన్నడంలోనూ పెళ్లికార్డులు టైపు చేసి బతికే మనిషి.

"పని చేస్తాంటే బాగుంటాది పీరన్నా. రవంతసేపు ఊరికే పెడితే బిగుసుకపోతాది. బెంగళూరు మెకానిక్కు ఒకాయన చూసి, కరెంటు మిగిల్చే సెట్టింగు ఒకటి ఉండాదంట, అదే ప్రాసెసర్‌ను చెడగొట్టిందన్నాడు. అంతా కొత్తది కొనాలంట."

"ఆ సెట్టింగు తీసేసినాడా?"

"తీసేసినాడు. రెండు నెలలు నడిచింది. మళ్లా అదే కథ."

"అట్లయితే తప్పు దానిది కాదులేమ్మా. పని లేనప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటాది, వేడీ తగ్గుతాది. దాంతో చెడేదేముండాది?"

మూత విప్పాడు. ప్రాసెసర్ పక్కన, కరెంటును నిలవ ఉంచి అందించే నాలుగు చిన్న కండెన్సర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. మోటారు స్టార్టర్లలో ఇలాంటివి ఎన్ని చూశాడో లెక్కలేదు.

"చూడు. నిమ్మళంగా ఉన్న ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు అడిగితే ఇవి అందియ్యలేకపోతాండాయి. రోగం వీటిది. నింద సెట్టింగు మీద పడింది."

నాలుగూ మార్చి, ఆ సెట్టింగు మళ్లీ పెట్టి, కంప్యూటరును ఆన్ చేసి, ముట్టుకోకుండా ఊరికే వదిలేశాడు. వనజాక్షికి నమ్మకం కుదరలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈ కండెన్సర్ల సంగతి యాడ నేర్చుకున్నావన్నా?"

ఆ మాటతో ఆయన మోటార్ల గురించి మొదలుపెట్టాడు. వార్నిష్ వాసన, పైపు ముందు దగ్గినట్టు గాలి వదలడం, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. చెబుతూంటే చూపుడువేలు తీగ చుట్టినట్టు గాలిలో తిరుగుతూనే ఉంది.

"మీ ఊరు యాడమ్మా?"

"చిలమత్తూరు పక్కన."

"ఆడ ఎవురి మోటారన్నా కాలితే నాకు చెప్పు. దుడ్లు వద్దు. ఊరికే చుట్టిస్తా."

"మోటార్లు యాడుండాయన్నా? మా నాయన బోరులోంది బయటికి లాగి పాతినుముకు ఏసేసినాడు."

పీర్ మహమ్మద్ గాలిలో తిరుగుతున్న వేలు ముడుచుకున్నాడు.

"ఆ మోటారు చుట్టిన చేయి ఎవురిదో మీ నాయన్ను అడిగినావా?"

"అడగలేదన్నా."

ఆయన తల ఊపి మౌస్ కదిపాడు. సగం టైపు చేసిన పెళ్లికార్డు తెర మీద వెంటనే వెలిగింది.

"ఎత్తుకపోమ్మా. బాగుండాది."